రోటరీ గ్యాస్ మీటర్లు: వరంగల్ చుట్టుపక్కల యూనిట్ల వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

నేను బాయిలర్లు, బర్నర్లు, గ్యాస్ లైన్ల మీద ఇన్‌స్ట్రుమెంట్ పని చేస్తాను. వరంగల్, కరీంనగర్, సిరిసిల్ల వైపు డైయింగ్ యూనిట్లు, బేకరీలు, ఫుడ్ యూనిట్లు నడిపేవాళ్లు సిలిండర్ల నుంచి పైపు గ్యాస్‌కు మారేటప్పుడూ, మారాక మొదటి బిల్లు చేతికొచ్చినప్పుడూ నన్ను అడిగే ప్రశ్నలు ఇవి. మీటర్ సంగతి గ్యాస్ కంపెనీ వాళ్లే చూసుకుంటారని చాలామంది వదిలేస్తారు. నెలకు లక్షల రూపాయల లెక్క ఆ డబ్బాలోంచి వస్తున్నప్పుడు, దాన్ని చదవడం యజమానికీ రావాలి, షిఫ్టులో ఉండే ఫిట్టర్‌కూ రావాలి.

రోటరీ మీటర్ అసలు ఎలా కొలుస్తుంది?

కల్లంలో వడ్లను మానికతో కొలిచినట్టే కొలుస్తుంది. మానిక నింపడం, పక్కకు పోయడం, లెక్కపెట్టడం. ఎంత వేగంగా పోశామన్నది లెక్కలోకి రాదు, ఎన్ని మానికలన్నదే లెక్క.

మీటర్ లోపల 8 అంకె ఆకారంలో రెండు రోటర్లు ఉంటాయి. గ్యాస్ తోపుడుకు అవి ఒకదానికొకటి ఎదురు దిశలో తిరుగుతాయి. ఒకటి నిలువుగా ఉన్నప్పుడు రెండోది అడ్డంగా ఉంటుంది. తిరుగుతున్నప్పుడు రోటర్ నడుముకూ బయటి గోడకూ మధ్య కొంత గ్యాస్ చిక్కుకుని, అటు నుంచి ఇటు దాటుతుంది. ఒక పూర్తి చుట్టుకు ఇలా నాలుగుసార్లు జరుగుతుంది, నాలుగు మానికలన్నమాట. వాటి పరిమాణం తయారీలోనే ఖాయమై ఉంటుంది కాబట్టి చుట్లు లెక్కపెడితే ఎంత గ్యాస్ పోయిందో తెలిసిపోతుంది.

రోటర్లు ఒకదానికొకటి తగలవు, గోడకూ తగలవు. మధ్య సందు సుమారు కాగితం మందం. పక్కనున్న టైమింగ్ గేర్లు వాటిని ఆ దూరంలోనే పట్టి ఉంచుతాయి. ఈ సందును గుర్తుంచుకోండి. మీటర్ చెడిపోయే కథలు చాలావరకు ఇక్కడే మొదలవుతాయి.

ఈ ఆలోచన ఎక్కడిది?

అమెరికాలో ఇండియానా రాష్ట్రంలోని కానర్స్‌విల్‌లో రూట్స్ అనే అన్నదమ్ములకు ఉన్ని మిల్లు ఉండేది. మిల్లు నడిపే నీటి చక్రాన్ని మెరుగుపరచబోయి రెండు రోటర్ల యంత్రం చేశారు. అది నీటి పనికంటే గాలి ఊదే పనికి బాగా కుదిరింది. 1860లో పేటెంట్ వచ్చింది. మోటారుతో తిప్పితే అది గాలి ఊదే బ్లోయర్. అదే రోటర్లను గ్యాస్ తిప్పితే మీటర్. 1934లో ఆజంజాహి మిల్లు వచ్చిన ఊరివాడిగా, బట్టల మిల్లులో పుట్టిన పనిముట్టు ఇప్పుడు మన డైయింగ్ యూనిట్ల గోడ మీద కనిపిస్తుంటే నాకు ప్రత్యేకంగా అనిపిస్తుంది.

ఇంటికి పెట్టే మీటర్, టర్బైన్ మీటర్ ఉండగా ఇదే ఎందుకు?

ఇంటి మీటర్లలో సాధారణంగా తోలుతిత్తిలా ఉబ్బి ముడుచుకునే డయాఫ్రమ్‌లు ఉంటాయి. చిన్న వాడకానికి అవి చాలా మంచివి. వాడకం పెరిగేకొద్దీ డబ్బా సైజు విపరీతంగా పెరుగుతుంది. టర్బైన్ మీటర్‌లో ఫ్యాన్ లాంటి చక్రం గ్యాస్ వేగానికి తిరుగుతుంది. అది పెద్ద, నిలకడైన ప్రవాహానికి సరిపోతుంది. బర్నర్ మాటిమాటికీ ఆగి వెలిగే చోట మాత్రం, గ్యాస్ ఆగినా చక్రం ఊపు మీద కాసేపు తిరిగి ఎక్కువ చూపిస్తుంది.

మన వైపు యూనిట్లు ఈ రెండింటికీ మధ్యలో ఉంటాయి. ఒక బాయిలర్, రెండు మూడు బర్నర్లు, పగలు ఫుల్ లోడు, రాత్రి సగం లోడు. రోటరీ సరిగ్గా దీనికోసమే అన్నట్టుంటుంది. ఇంకో పెద్ద లాభం, మీటర్ ముందు పొడవాటి తిన్నని పైపు అక్కర్లేదు. టర్బైన్‌కూ, ఆరిఫీస్ ప్లేట్‌కూ (పైపులో అడ్డంగా పెట్టే రంధ్రం ఉన్న పలక) ప్రవాహం సుడులు లేకుండా రావాలి కాబట్టి తిన్నని పైపు కావాలి. మానికకు గ్యాస్ ఎలా వచ్చి పడిందన్నది అనవసరం. ఇరుకు షెడ్లలో మూలన స్కిడ్, అంటే మీటర్, వాల్వులు బిగించిన ఫ్రేమ్, పెట్టుకునేవాళ్లకు ఇది చిన్న విషయం కాదు.

రామగుండం ఎరువుల ఫ్యాక్టరీలో గ్యాస్ కొలిచేది కూడా దీనితోనేనా?

అంత పెద్ద ప్రవాహం రోటరీ పని కాదు. అక్కడ సహజవాయువుతో రోజుకు 3,850 టన్నుల యూరియా తయారుచేసే సామర్థ్యం ఉంది. ఆ స్థాయి లైన్లకు శబ్ద తరంగాలతో కొలిచే అల్ట్రాసోనిక్, టర్బైన్, ఆరిఫీస్ రకాలు వాడతారు. రోటరీ మామూలుగా గంటకు 25 ఘనపు మీటర్ల నుంచి 1,000 ఘనపు మీటర్ల దాకా ఉండే పనికి.

జీ25, జీ65 అని రాసి ఉంటుంది. మాకు ఏ సైజు కావాలి?

ఎక్కువ డబ్బు నష్టపోయేది ఇక్కడే కాబట్టి దీన్ని కాస్త వివరంగా చెప్తాను.

ప్రతి జీ సైజుకూ ఒక గరిష్ఠ ప్రవాహం ఉంటుంది. జీ16కు గంటకు 25 ఘనపు మీటర్లు, జీ25కు 40, జీ40కి 65, జీ65కు 100, జీ100కు 160, జీ160కి 250. ఇవి మీటర్ లోపల ఆ ప్రెషర్‌లో ఉన్న ఘనపు మీటర్లు. బిల్లులో వచ్చే ఎస్‌సీఎంలు, అంటే స్టాండర్డ్ ఘనపు మీటర్లు, వేరే. ఈ రెండింటినీ కలిపేసి చూసి పెద్ద సైజు కొనేసినవాళ్లను చాలామందిని చూశాను.

ఒక ఉదాహరణ. గంటకు టన్ను ఆవిరి ఇచ్చే బాయిలర్ ఫుల్ లోడులో సుమారు 75 ఎస్‌సీఎం గ్యాస్ కాలుస్తుందనుకుందాం. మీటర్‌ను 2 బార్ లైన్‌లో పెడితే గ్యాస్ అక్కడ అదిమి ఉంటుంది కాబట్టి ఆ 75 కాస్తా లోపల 27 లేదా 28 ఘనపు మీటర్లే అవుతుంది. జీ25 హాయిగా సరిపోతుంది. అదే మీటర్‌ను రెగ్యులేటర్ తర్వాత 100 మిల్లీబార్ లైన్‌లో పెడితే దాదాపు 75 ఘనపు మీటర్లూ దాని గుండానే పోవాలి, జీ65 కావాలి. బాయిలర్ ఒకటే, గ్యాస్ ఒకటే, మీటర్ మాత్రం రెండు సైజులు పెద్దది.

ఇక ఎక్కువమంది అడగని ప్రశ్న: మీ అతి తక్కువ వాడకం ఎంత? మీటర్‌కు గరిష్ఠం ఉన్నట్టే కనిష్ఠమూ ఉంటుంది. 1:50 రేంజి, అంటే గరిష్ఠంలో యాభయ్యో వంతు దాకా కొలిచే జీ25 అయితే గంటకు 0.8 ఘనపు మీటర్లు. అంతకంటే తక్కువ గ్యాస్ పోతే కొంత ఆ కాగితం మందం సందుల్లోంచి కొలతకు రాకుండానే జారిపోతుంది. బాయిలర్ ఆపేశాక రాత్రంతా క్యాంటీన్ పొయ్యి ఒక్కటే వెలిగే యూనిట్‌లో ఇదే జరుగుతుంది. అది గ్యాస్ కంపెనీకి నష్టం, మనకేంటి అనుకోకండి. రేపు లెక్క తేడా బయటపడితే ఆ మాట మీ మీదికే వస్తుంది. క్యాంటీన్‌కు విడిగా చిన్న డయాఫ్రమ్ మీటర్ పెట్టించుకోవడం మేలు.

ముందు ముందు ఇంకో బాయిలర్ పెడతాం, ఇప్పుడే పెద్దది వేసేయండి అంటారు. నేను వద్దనే చెప్తాను. పైపు పెద్దది వేసుకోండి, పైపుల్ని బోల్టులతో కలిపే ఫ్లాంజ్‌లు విప్పడానికి చోటు వదలండి, మీటర్ మాత్రం ఇవాళ్టి వాడకానికి తగ్గది పెట్టండి.

మీటర్ మీద 100 తిరిగితే బిల్లులో 270 ఎందుకు వచ్చింది? మోసమా?

మోసం కాదు. పత్తి బోరెం గుర్తు తెచ్చుకోండి. అదే బోరెంలో వదులుగా నింపితే ఎంత పడుతుంది, ఎక్కి తొక్కి నింపితే ఎంత పడుతుంది? మార్కెట్లో మనం అమ్మేది బోరేల లెక్కన కాదు, తూకం లెక్కన. గ్యాస్ కూడా అంతే. ప్రెషర్ ఎక్కువైతే అదే ఘనపు మీటర్‌లో ఎక్కువ గ్యాస్ ఉంటుంది, వేడి ఎక్కువైతే తక్కువ ఉంటుంది. అందుకే అందరికీ ఒకే కొలత ఉండేలా 15 డిగ్రీల వేడి, 1.01325 బార్ ప్రెషర్ దగ్గర ఎంతయ్యేదో ఆ లెక్కకు మారుస్తారు. అదే ఎస్‌సీఎం.

లెక్క చేసి చూద్దాం. మీటర్ దగ్గర గేజ్ 2 బార్ చూపిస్తోంది, గ్యాస్ వేడి 40 డిగ్రీలు. గేజ్‌కు బయటి గాలి ప్రెషర్ 0.98 కలిపితే 2.98. దాన్ని 1.01325తో భాగిస్తే 2.94. వేడిని 273.15 కలిపి తీసుకోవాలి, 288.15ను 313.15తో భాగిస్తే 0.92. రెండూ గుణిస్తే 2.70. మీటర్ మీద 100 తిరిగితే 270 ఎస్‌సీఎం. గ్యాస్ గుణాన్ని బట్టి వచ్చే జెడ్ అనే ఇంకో సవరణ ఉంది కానీ, ఈ ప్రెషర్‌లలో అది చాలా చిన్నది.

బయటి గాలి ప్రెషర్ 0.98 ఏంటి? పుస్తకాల్లో 1.013 కదా?

పుస్తకాల్లోది సముద్ర మట్టం లెక్క. వరంగల్ సముద్ర మట్టానికి సుమారు 266 మీటర్ల ఎత్తున ఉంది. ఆ ఎత్తులో గాలి ప్రెషర్ దాదాపు 0.98 బార్. తేడా 3 శాతం.

2 బార్ లైన్‌లో ఈ తేడా బిల్లును 1 శాతమే కదుపుతుంది. 100 మిల్లీబార్ లైన్‌లో అయితే మొత్తం 3 శాతమూ మీద పడుతుంది. నెలకు 30,000 ఎస్‌సీఎం వాడే యూనిట్‌కు 900 ఎస్‌సీఎం. మీ మీటర్ మీద ఈవీసీ, అంటే ప్రెషర్, వేడి చూసి తనే లెక్క మార్చే ఎలక్ట్రానిక్ పెట్టె ఉండి, దానిలో అబ్సల్యూట్ ప్రెషర్ సెన్సార్ ఉంటే ఈ గొడవే లేదు. అది బయటి గాలితో సహా కొలుస్తుంది. ఈవీసీ లేకుండా ఒక స్థిరమైన సంఖ్యతో గుణించి బిల్లు వేస్తుంటే మాత్రం, ఆ సంఖ్యలో గాలి ప్రెషర్ ఎంత తీసుకున్నారో కాగితం మీద రాసివ్వమని అడగండి. అడగడంలో తప్పేమీ లేదు, వాళ్లూ చెప్పాల్సిన విషయమే.

మే నెలలో మీటర్ ఎక్కువ తిరుగుతోంది, సంక్రాంతికి తక్కువ. ప్రొడక్షన్ అంతే. చెడిపోయిందా?

చెడిపోలేదు. గ్యాస్ 45 డిగ్రీలుంటే సవరణ 0.906, 20 డిగ్రీలుంటే 0.983. అంటే అదే వేడి పుట్టించడానికి మే నెలలో 8 శాతం ఎక్కువ ఘనపు మీటర్లు మీటర్‌లోంచి పోవాలి. ఈవీసీ దీన్ని సరిచేస్తుంది, ఎస్‌సీఎం లెక్క దాదాపు ఒకటే రావాలి. భూమిలోని పైపులో గ్యాస్ అంత వేడెక్కదు, కానీ స్కిడ్ ఎండలో ఉంటే పైకొచ్చిన పైపు కాగిపోతుంది. రేకుల నీడ వేయించండి, చుట్టూ గాలి ఆడేలా వదలండి. ఎండకు ఈవీసీ డిస్‌ప్లే, బ్యాటరీ కూడా తొందరగా పాడవుతాయి.

బిగించేటప్పుడు ఏం చూడాలి?

సిరిసిల్ల వైపు ఒక డైయింగ్ యూనిట్‌లో జరిగింది చెప్తాను. కొత్త మీటర్, కొత్త పైపులు. రాత్రి పదకొండుకు గ్యాస్ వదిలారు. కాంట్రాక్టర్ మనిషి బాల్ వాల్వ్‌ను ఒక్క దెబ్బకు తిప్పేశాడు. పైపులో మిగిలిన వెల్డింగ్ ముక్కలు గ్యాస్‌తో పాటు ఎగిరొచ్చి రోటర్ల మధ్య పడ్డాయి. నిమిషంలో మీటర్ బిగుసుకుపోయింది, గ్యాస్ ఆగిపోయింది. ఎన్నో ఏళ్లు పనిచేయాల్సిన వస్తువు ఒక్క రోజు కూడా బతకలేదు. ఆ యూనిట్ ఓనర్ గారి ముఖం నాకు ఇప్పటికీ గుర్తే.

అందుకే ఈ వరస తప్పకండి. ముందు మీటర్ లేకుండా, దాని చోట పైపు ముక్క పెట్టి లైన్‌ను ఊది శుభ్రం చేయాలి. మీటర్ ముందు ఫిల్టర్ ఉండాలి. మొదట్లో కొన్ని వారాలపాటు సన్న జాలీ స్ట్రెయినర్ కూడా పెట్టి, తర్వాత మరిచిపోకుండా తీసేయాలి. వదిలేస్తే అదే మూసుకుపోయి ప్రెషర్ తినేస్తుంది. గ్యాస్ పైనుంచి కిందికి పోయేలా మీటర్ పెడితే దుమ్ము ఏదైనా వచ్చినా కిందికి జారిపోతుంది. గ్రానైట్ క్వారీల దగ్గర ఉన్నవాళ్లు పైపులు కలిపే ముందు చివరలు మూతలతో కప్పి ఉంచాలి, ఒక్క రాత్రిలో ఎంత దుమ్ము చేరుతుందో వాళ్లకు తెలుసు. ఫ్లాంజ్‌లు కలవకపోతే బోల్టులతో లాగి కలపకండి. బాడీ వంకర పోతే ఆ సన్న సందు కాస్తా ఒక పక్క మూసుకుపోతుంది. లైన్‌లో నీళ్లు, నూనె చేరే లోతట్టు చోట మీటర్ పెట్టకూడదు.

గ్యాస్ వదిలేటప్పుడు ప్రెషర్ సెకనుకు 0.35 బార్ మించి పెరగకూడదు. వాల్వ్‌ను వెంట్రుకవాసి తెరిచి, గేజ్ చూస్తూ, ఓపిగ్గా నింపాలి. పక్కన చిన్న నీడిల్ వాల్వ్ పెట్టుకుంటే ఈ పని సులువు.

ఆయిల్ ఎప్పుడు పోయాలి?

మీటర్‌ను బిగించి, లెవెల్ చూశాక, లైన్‌లో ప్రెషర్ లేనప్పుడు మాత్రమే. ఆయిల్ మట్టం కనిపించే సైట్ గ్లాస్ మధ్య గీత దాకా పోయాలి, మోడల్‌ను బట్టి ఒక పక్కో రెండు పక్కలో. కాస్త ఎక్కువ పోస్తే మంచిదే కదా అని పోస్తారు, ఆ ఎక్కువైన ఆయిల్ రోటర్ల గదిలోకి చేరి దుమ్ముతో కలిసి జిగురవుతుంది. మీటర్ విప్పి లారీలో వేసే ముందు ఆయిల్ పూర్తిగా తీసేయాలి. రోజూ షిఫ్టు మారేటప్పుడు గ్లాస్ వైపు ఒక చూపు చూస్తే చాలు. ఆయిల్ నల్లబడితే మార్చాల్సిందే, ఏ ఆయిల్ అన్నది మీటర్ కంపెనీ పుస్తకంలో రాసిందే.

మీటర్ బిగుసుకుపోతే గ్యాస్ కూడా ఆగిపోతుందా?

ఆగిపోతుంది. టర్బైన్ చక్రం ఆగినా గ్యాస్ పోతూనే ఉంటుంది, రోటరీలో దారే మూసుకుపోతుంది. ఆరిపోతే లక్షల నష్టం వచ్చే ఫర్నేస్ ఉన్నవాళ్లు రెండు మీటర్లు పక్కపక్కన పెట్టించుకోవాలి, లేదంటే సీలు వేసిన బైపాస్, అంటే మీటర్‌ను తప్పించి పోయే పైపు, ఉండాలి. ఆ సీలు గ్యాస్ కంపెనీ వాళ్లకు చెప్పకుండా తెంచకూడదు.

కరెంటు పోతే?

రోటర్లు తిరగడానికి కరెంటుతో పనిలేదు, అంకెల కౌంటర్ తిరుగుతూనే ఉంటుంది. ఈవీసీకి సొంత బ్యాటరీ ఉంటుంది. దాని గడువు తేదీ రాసి పెట్టుకోండి.

అయస్కాంతం పెడితే ఆగుతుందట, నిజమేనా?

రోటర్లు ఆగవు. చుట్ల లెక్కను ఈవీసీకి పల్స్‌లుగా పంపే చిన్న స్విచ్‌ను అయస్కాంతం గందరగోళపెట్టగలదు, అందుకే ఇప్పటి మీటర్లలో అయస్కాంతం దగ్గరికొస్తే రికార్డు చేసే ఏర్పాటు ఉంటుంది. పైగా అంకెల కౌంటర్‌కూ ఈవీసీకీ తేడా వచ్చి దొరికిపోతుంది. అది దొంగతనం. ఇలాంటి పనికి నన్ను పిలవకండి.

బిల్లు మీద అనుమానం వస్తే మేమే ఏం చూసుకోవచ్చు?

ముందు అంకెల కౌంటర్, ఈవీసీ డిస్‌ప్లే రెండూ ఒకే ఫొటోలో వచ్చేలా తీయండి. పది రోజుల తర్వాత మళ్లీ తీయండి. ఈవీసీలో రెండు మొత్తాలుంటాయి, సవరణ లేనిది ఒకటి, సవరించింది ఒకటి. సవరణ లేని మొత్తం ఎంత పెరిగిందో అంకెల కౌంటర్ కూడా అంతే పెరగాలి. పెరగకపోతే పల్స్ వైర్‌లో గానీ స్విచ్‌లో గానీ లోపం ఉంది. సరిపోతే, సవరించిన పెరుగుదలను సవరణ లేనిదానితో భాగించండి. పైన నేను చేసిన లెక్కలాంటిదే మీ ప్రెషర్, వేడితో చేసి పోల్చండి. మీరు ఈ లెక్క కాగితం పట్టుకుని మాట్లాడితే అవతలివాళ్లు కూడా శ్రద్ధగా వింటారు.

బిల్లు ఎంఎంబీటీయూల్లో, అంటే గ్యాస్ ఇచ్చే వేడి లెక్కన ఉంటే ఇంకో మెట్టు ఉంది. ఒక ఎంఎంబీటీయూ అంటే 2,52,000 కిలోకేలరీలు. మీ ఎస్‌సీఎంలను గ్యాస్ కేలరీ విలువతో గుణించి దీనితో భాగిస్తారు. ఆ కేలరీ విలువ బిల్లులో ఉందో లేదో చూడండి. సహజవాయువు ఇంకా జీఎస్టీలోకి రాలేదు, వ్యాట్ పడుతుంది కాబట్టి ఇన్‌పుట్ క్రెడిట్ సంగతి మీ అకౌంటెంట్‌తో ముందే మాట్లాడుకోండి.

మీటర్ అరిగిపోతే ఎక్కువ చూపిస్తుందా, తక్కువ చూపిస్తుందా?

సాధారణంగా తక్కువ. తిరగడం బరువైతే సందుల్లోంచి జారిపోయే గ్యాస్ పెరుగుతుంది, ముఖ్యంగా తక్కువ వాడకంలో. పాత మీటర్ కదా, ఎక్కువ తిరుగుతోంది అనే భయం చాలావరకు అక్కర్లేదు.

దీన్ని మీటర్ విప్పకుండానే కనిపెట్టవచ్చు. లోపలికొచ్చే ప్రెషర్‌కూ బయటికెళ్లే ప్రెషర్‌కూ ఉన్న తేడాను కొత్తలోనే రెండు మూడు రకాల లోడులో కొలిచి రాసిపెట్టుకోవాలి. ఏటా అదే లైన్ ప్రెషర్, అదే లోడులో మళ్లీ కొలవాలి. తేడా సగానికి సగం పెరిగిందంటే బేరింగ్‌లో, ఆయిల్‌లో లేదా రోటర్ మీద పేరుకున్న మడ్డిలో ఏదో ఉంది. కొత్తలో కొలవకపోతే తర్వాత పోల్చడానికి ఏమీ ఉండదు. నేను వెళ్లిన యూనిట్లలో ఈ కాగితం ఉన్నవి వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు, అదే నా బాధ.

యూరప్ ప్రమాణం ప్రకారం కొత్త మీటర్ తన రేంజిలో ఎక్కువ భాగం ప్లస్ లేదా మైనస్ 1 శాతం లోపల ఉండాలి, అడుగు భాగంలో 2 శాతం దాకా ఒప్పుకుంటారు. నిజంగా వివాదం వస్తే ఎన్ఏబీఎల్ (ల్యాబ్‌లకు గుర్తింపు ఇచ్చే జాతీయ బోర్డు) గుర్తింపు ఉన్న ల్యాబ్‌లో క్యాలిబ్రేషన్ చేయించాలి. ప్రవాహ మీటర్లు పరీక్షించే పెద్ద సంస్థ కేరళలోని పాలక్కాడ్‌లో ఉంది, ఎఫ్‌సీఆర్ఐ.

మాది ఇంకా ఎల్‌పీజీ సిలిండర్ల బ్యాంకే. దీనికి పెట్టుకోవచ్చా? బయోగ్యాస్‌కు?

ఎల్‌పీజీ ఆవిరికి పెట్టుకోవచ్చు, ఏ బర్నర్ ఎంత తింటోందో తెలుస్తుంది. కానీ ద్రవం మీటర్‌లోకి రాకూడదు. చలికాలం తెల్లవారుజామున బ్యూటేన్ ఎక్కువున్న గ్యాస్ పైపులో చెమ్మలా దిగుతుంది, కాబట్టి మీటర్ రెగ్యులేటర్ తర్వాతే ఉండాలి. ఇంకో మాట: సహజవాయువు లీకైతే పైకి పోతుంది, ఎల్‌పీజీ నేల మీద పాకి గుంతల్లో నిలుస్తుంది. ఎల్‌పీజీ మీటర్‌ను గుంతలో పెట్టకండి.

బయోగ్యాస్‌లో తడి, హైడ్రోజన్ సల్ఫైడ్ ఉంటాయి, అల్యూమినియం బాడీని తినేస్తాయి. ఆరబెట్టి శుభ్రం చేయకుండా వద్దు.

రాత్రి షిఫ్టు వాళ్లతో రీడింగ్ రాయించడం ఎలా?

ఒక నోటు పుస్తకం మీటర్ దగ్గరే తాడుతో కట్టండి. రోజూ ఒకే టైముకు రాయాలి: తేదీ, కౌంటర్ అంకె, గేజ్ ప్రెషర్, ఈవీసీ చూపించే వేడి, ఆ షిఫ్టులో అయిన ప్రొడక్షన్. కౌంటర్‌లో వేరే రంగు గడిలో ఉన్నవి దశాంశాలు, అవి రాయకపోయినా ఫర్వాలేదు. గ్లాస్‌లో ఆయిల్ ఉందా లేదా అని ఒక టిక్కు. మీటర్ దగ్గర చెవి పెట్టి వింటే సన్నగా తిరుగుతున్న చప్పుడే రావాలి. గీసుకుంటున్నట్టు, కొట్టుకుంటున్నట్టు వినిపిస్తే అదీ రాయమనండి. వాసన వస్తే మాత్రం రాయడం కాదు, ముందు మెయిన్ వాల్వ్ మూసి, అందరినీ బయటికి పంపి, దూరం వెళ్లాక గ్యాస్ కంపెనీ ఎమర్జెన్సీ నంబర్‌కు ఫోన్ చేయమనండి. ఆ నంబర్ పుస్తకం అట్ట మీద పెద్ద అక్షరాలతో రాసి ఉండాలి.